అరువది వేల యేండ్ల యాత్రికుడు

ఆకాశమున తోకచుక్క పొడసూపినచో రాజ్యమునకు కీడు మూడునని మన పూర్వులు వెఱచుచుండిరి. వరాహమిహిరుడు బృహత్సంహితయందు కేతుచారమునకు ప్రత్యేకముగా నొక అధ్యాయమునే కేటాయించెను. ఈ భయమును పోగొట్టినది, చూచినదానిని చూచినట్లు కొలిచి వ్రాసియుంచిన వారి యోర్పు. అట్టి పాత వ్రాతలను పరిశీలించియే హేలీ పండితుడు 1531, 1607, 1682 సంవత్సరములలో కానవచ్చినది ఒకే తోకచుక్క యనియు, అది 1758లో మరల వచ్చుననియు 1705లో ప్రకటించెను. అది అట్లే వచ్చెను.

కాని తోకచుక్కలన్నియు హేలీ తోకచుక్కవలె డెబ్బదియారేండ్లకు తిరిగి రావు. సూర్యుని చుట్టివచ్చుటకు రెండువందల యేండ్లకు మించి పట్టువానిని దీర్ఘకాలిక ధూమకేతువులందురు. ఇవి వచ్చినప్పుడు గుర్తింపకున్నచో ఆ యవకాశము మరల దొరకదు. అట్టి ధూమకేతువు నొకదానిని హైదరాబాదున పెరిగిన యువకుడు కనుగొనుట మనకు ముదావహమగు విషయము.

హైదరాబాదు నందలి నిజామియా వేధశాల నవాబు జఫర్ జంగు స్థాపించినది. ఆకాశమును భాగములుగా పంచుకొని ఛాయాచిత్రములు తీయు అంతర్జాతీయ కార్యమున ఈ వేధశాల పాలుగొనెను. అచటి యుద్యోగులు గాజుపలకలపై ఒక్కొక్క చుక్కను కొలిచి, ఏడు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములను దశాబ్దముల తరబడి నమోదు చేసిరి. ఆ వేధశాలలో పనిచేసిన కేరళీయుడగు బప్పుగారి కుమారుడే వేణు బప్పు. ఇతడు 1927లో మద్రాసున జన్మించి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెడలెను.

1949 జూలై 2వ తేదీ రాత్రి అతడు నిత్యకృత్యముగా ఆకాశమును ఛాయాచిత్రము తీసెను. ఆ పలకపై నొక క్రొత్త వస్తువు గోచరించెను. ఏదో మరకయని త్రోసివేసియున్నచో కథ అంతటితో ముగిసియుండెడిది. అతడట్లు చేయలేదు. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ దానిని ధ్రువపరచుటలో తోడ్పడిరి. ధూమకేతువు మార్గమును గణించుటకు వేర్వేరు సమయములలో కనీసము మూడు స్థానములైనను కావలెను గదా! అది తిరిగి వచ్చుటకు సుమారు 60,000 ఏండ్లు పట్టునని లెక్కతేలెను. దానికి బప్పు–బాక్–న్యూకర్క్ ధూమకేతువని ముగ్గురి పేరును పెట్టిరి. బప్పునకు పసిఫిక్ ఖగోళసంఘము వారి డొనహో పతకము లభించెను.

మరుసటి యేడే, అనగా 1950లో, హాలండు శాస్త్రజ్ఞుడు ఊర్ట్ ఇట్టి దీర్ఘకాలిక ధూమకేతువుల మార్గములను పరిశీలించి, సూర్యకుటుంబమునకు మిక్కిలి దూరమున వీనికి జన్మస్థానమగు మహామండలమొకటి కలదని ప్రతిపాదించెను. ఒక్కమారు కనబడి మరలిపోవు చుక్కల లెక్కలే యింతటి సిద్ధాంతమునకు ఆధారమయ్యెను.

బప్పు స్వదేశమునకు వచ్చి కొడైకెనాలు వేధశాలకు అధిపతియై, కావలూరున నూతన వేధశాలను నెలకొల్పెను. 1979లో అంతర్జాతీయ ఖగోళసంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1982లో పరమపదించెను. కావలూరు నందలి పెద్ద దూరదర్శినికి 1986లో అతని పేరు పెట్టబడెను.

కొలుముల వెలుగులో చుక్కలు మసకబారు జంషెడ్‌పూరున నివసించు మనకు ఈ వృత్తాంతము పరాయిది కాదు. కచేరిలోనైనను, ప్రయోగశాలలోనైనను దినదినము అంకెలు వ్రాయుటయే మనలో పలువురి పని. ఆ పని విసుగు పుట్టించవచ్చును. కాని 1949 నాటి ఆ రాత్రియు ఒక సామాన్యపు పనిదినమే.