మూసలోని బొగ్గు

ఒకానొక కాలమున పారశీక వర్తకులు సముద్రములు దాటి, నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను చిన్న గ్రామమునకు వచ్చి, అచ్చటి కమ్మరుల కొలుముల చెంత నిలిచి ఉక్కుముద్దలను స్వయముగా పరీక్షించి కొనిపోయెడివారు. 1820 ప్రాంతమున త్రికోణమితి సర్వే పరివారముతో తిరుగుచుండిన వైద్యుడును భూగర్భవేత్తయు నగు హెన్రీ వాయ్సీ ఆ కొలుములను కన్నులార చూచి వ్రాసిన వర్ణన, ఆయన గతించిన పిదప 1832లో ప్రకటితమయ్యెను. వేర్వేరు తావుల ఇనుమును కలిపి మట్టిమూసలలో నుంచి, మూతులు గట్టిగా మూసి, ఎడతెగక తిత్తులూది, కరగిన లోహమును మెల్లమెల్లగా చల్లార్చుట వారి పద్ధతి. సేలము ప్రాంతపు కమ్మరులు మూసలో ఇనుముతోపాటు తంగేడుకట్టెను, జిల్లేడాకులను పెట్టుచుండిరి. ఆ ఆకులును కట్టెయు బొగ్గై, ఆ బొగ్గు ఇనుములో లీనమయ్యెడిది.

నూటికి ఒకటిన్నర వంతు మాత్రమైన ఆ బొగ్గు ఇంతటి మార్పును ఎట్లు తెచ్చెను? శుద్ధమైన ఇనుము మెత్తనిది. అందలి పరమాణువులు వరుసలు తీరియుండును. పరచిన జంబుఖానాను ఒక్కుమ్మడిగా ఈడ్చుట కష్టమే కాని, దాని అంచున ఒక ముడుతను చేసి ఆ ముడుతను ముందునకు త్రోసినచో సునాయాసముగా జరుగును. లోహము వంగునపుడు లోపల నడచునది ఇట్టి ముడుతయే యని 1934లో టేలర్, ఒరోవాన్, పొలానీ అను మువ్వురు విడివిడిగా ఊహించిరి. ముడుత దారికి అడ్డము వేయుటయే లోహమును గట్టిపరచుట. మూసలో కలసిన బొగ్గు ఇనుముతో కూడి కఠినములైన కార్బైడు కణములై ఆ దారిని అడ్డగించును. ఐరోపా కమ్మరులు తెల్లగా కాగువరకు కాల్చి కొట్టగా ఈ ఉక్కు పొడిపొడియై రాలెను. తక్కువ వేడిలో ఓర్పుతో సాగగొట్టవలెనను మర్మము మన కమ్మరుల చేతులకు తెలిసియుండెను. 1795లో రాయల్ సొసైటీ యెదుట దీనిని 'వూట్జ్' అని పేర్కొనిరి, ఫారడే అంతవాడు దీని రహస్యము కొరకు పరిశ్రమించెను. ఆ పేరు మన 'ఉక్కు' శబ్దమునకు వికృతియే యని పలువురు పండితులు తలచుచుండగా, ఆ మాట మన బడిపిల్లలకు తెలియకపోవుట నన్ను మిక్కిలి బాధించును.

వేడియు చల్లదనమును ఉక్కునకే గాక అల్యూమినియమునకును పదునియ్యగలవా యని జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ శోధించెను. 1906లో రాగి, మెగ్నీషియము కలిపిన ఆ లోహమును కాల్చి నీట ముంచి చూడగా ఆశించిన కాఠిన్యము లేకపోయెను. కాని కొన్ని దినములు ఊరకుండిన ముక్కను మరల పరీక్షింపగా అది తనంతట తానే గట్టిపడియుండెను! కాలమే పదును పెట్టినది. కొన్ని పరమాణువుల మందమే యున్న రాగిరేకులు లోపల నిశ్శబ్దముగా పేరుకొనుటయే అందులకు కారణమని 1938లో గీనియే, ప్రెస్టన్ అనువారు ఎక్స్‌కిరణములతో కనుగొనిరి. ఆ కారణము తెలియకమునుపే జెప్పెలిన్ వాయునౌకల అస్థిపంజరములు డ్యూరాల్యుమిన్ అని పేరొందిన ఈ మిశ్రలోహముతోనే కట్టబడినవి.

రబ్బరు కథ వేరు. అందు వరుసలు లేవు. చిక్కుపడిన దారపుపోగులవలె దీర్ఘమైన అణుశృంఖలములే యున్నవి. ఎండకు జిగురై, చలికి పెళుసై పోవు ఆ పదార్థమునకు 1839లో చార్లెస్ గుడ్‌యియర్ గంధకమును చేర్చి వేడిచేయగా, ఆ శృంఖలముల నడుమ గంధకము వంతెనలు కట్టి, ఒకదానిపైనొకటి జారకుండ బిగించెను. గంధకము మితముగా నున్నచో రబ్బరు సాగును. బాగుగా హెచ్చినచో ఎబొనైటై కర్రవలె బిరుసెక్కును.

అంతటితో చాలలేదు. తొలినాటి టైర్లు తెల్లనివి, త్వరగా అరిగిపోవునవి. ఇరువదవ శతాబ్ది ఆదిలో లండను దగ్గరి సిల్వర్‌టౌనులో రబ్బరునకు మసి కలిపి చూడగా దాని బలము బహుగుణితమయ్యెను. మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటెను సూక్ష్మములైన ఆ మసిరేణువులు రబ్బరు పోగులను తమకు అంటగట్టుకొని కదలనీయవు. మూసలో తంగేడుకట్టె ఏ బొగ్గునిచ్చెనో, టైరులోని మసియు ఆ జాతిదే. కోనసముద్రపు దారిన నేడు పోవు ట్రాక్టరు చక్రపు నలుపు అదియే.