రాలిపోయిన 'కాదు'

ప్రాజెక్టు పనిమీద లీడ్స్ వచ్చి రెండేళ్ళయింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా అరగంట రైలు ప్రయాణం చేయించి యార్క్ చూపించడం ఇక్కడి మనవాళ్ళందరికీ అలవాటే. మొన్న బాబాయి వాళ్ళొచ్చినప్పుడూ అంతే. యార్క్ మిన్‌స్టర్ అనే ఆ పెద్ద చర్చిలో దక్షిణం వైపు గులాబీ కిటికీ కింద నిలబడి, "1984లో పిడుగు పడి ఇక్కడి పైకప్పంతా కాలిపోయింది బాబాయ్" అన్నాను.

"గుడిమీద పిడుగు పడిందంటే ఎవరో ఏదో అపచారం చేసుంటార్రా" అన్నాడాయన.

నాకు నవ్వొచ్చింది. అప్పట్లో ఇంగ్లండులో చాలామంది సరిగ్గా ఇదే మాటన్నారు మరి! అపచారం చేశాడని వాళ్ళు వేలెత్తి చూపిన మనిషి ఏ నాస్తికుడో కాదు, సాక్షాత్తూ ఒక బిషప్.

ఆయన పేరు డేవిడ్ జెంకిన్స్. నేనుంటున్న ఈ లీడ్స్‌లోనే, విశ్వవిద్యాలయంలో క్రైస్తవ ధర్మశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. 1984లో డరమ్ బిషప్‌గా ఎంపికయ్యారు. ఇంకా పదవిలోకి రాకముందే, ఏప్రిల్ 29 ఆదివారం నాడు, లండన్ వీకెండ్ టెలివిజన్ వారి 'క్రీడో' కార్యక్రమంలో ఇంటర్వ్యూ ఇచ్చారు. కన్య గర్భాన క్రీస్తు పుట్టాడన్నది చరిత్రలో జరిగిన సంగతేనా అన్న ప్రశ్న వచ్చింది. దేవుడు తలుచుకుంటే చెయ్యలేడని కాదుగానీ, అలా చేశాడని మాత్రం తాను అనుకోవడం లేదన్నారు జెంకిన్స్. పునరుత్థానం సంగతికొస్తే, అది సమాధిలోంచి శరీరం లేచి రావడమనే ఒక్క సంఘటన కాదనీ, క్రీస్తు బతికే ఉన్నాడని శిష్యులకు కలిగిన అనుభవాల వరస అనీ చెప్పారు.

నిజానికి ధర్మశాస్త్రం చదివినవాళ్ళకి ఇవేమీ కొత్త మాటలు కావు. క్లాసురూములో దశాబ్దాలుగా నలుగుతున్నవే. కానీ క్లాసురూము వేరు, ఆదివారం టీవీ వేరు కదా! ఇళ్ళలో కూర్చుని విన్న భక్తులకి గుండెలో రాయి పడింది. ఈయన్ని బిషప్‌గా అభిషేకించొద్దంటూ వేలమంది సంతకాలు పెట్టారు. ఆ బాధని తేలిగ్గా తీసెయ్యలేం. జీవితమంతా నమ్ముకున్నదాన్ని కాపాడాల్సినవాడే కదిలిస్తే ఎవరికైనా కష్టమే.

అయినా యార్క్ ఆర్చిబిషప్ జాన్ హాబ్‌గుడ్ వెనక్కి తగ్గలేదు. జూలై 6న ఇదే మిన్‌స్టర్‌లో అభిషేకం జరిగింది. మూడోరోజు, జూలై 9 తెల్లవారుజామున, మంటలు! పిడుగే కారణం కావచ్చని తర్వాత దర్యాప్తులో తేల్చారు. మిగతా చర్చికి నిప్పు పాకకుండా అగ్నిమాపక దళం వాళ్ళు కాలుతున్న పైకప్పుని నీళ్ళధారతో తామే కూల్చేశారు. గులాబీ కిటికీలోని 7000 గాజు ముక్కలు దాదాపు 40000 చోట్ల పగిలాయి, కానీ రాలిపోలేదు. "దేవుడి ఆగ్రహం" అన్నారు కొందరు. మిగతా చర్చి నిలబడడమే దైవకృప అన్నారు ఇంకొందరు. (నా ప్రోగ్రామరు బుర్రకి మాత్రం ఒకటే సందేహం. మూడు రోజులు ఆలస్యంగా, మనిషి లేని చోట.. దేవుడు తప్పు సర్వర్‌ని ఆపేశాడా ఏంటి?)

అసలు విషాదం పిడుగు కాదు. ఆ అక్టోబరులో రేడియోలో జెంకిన్స్ మళ్ళీ వివరణ ఇచ్చారు. పునరుత్థానం నిజమే, ఎముకలతో చేసే గారడీ అయితే అది గారడీవాడి నేర్పుని తప్ప మరి దేన్నీ రుజువు చెయ్యదన్నారు. అంటే అది అలాంటి గారడీ కాదు, అంతకన్నా పెద్దదని ఆయన భావం. జనంలోకి వెళ్ళింది మాత్రం "పునరుత్థానం ఎముకల గారడీ అన్న బిషప్" అని! 'కాదు' ఎక్కడో రాలిపోయింది. ఆయన 1994 దాకా బిషప్‌గా ఉన్నారు, బొగ్గుగని కార్మికుల సమ్మెలో వాళ్ళ తరఫున మాట్లాడారు, 2016లో కన్నుమూశారు. చివరిదాకా ఆ గారడీ మాట మాత్రం ఆయన్ని వదల్లేదు.

మా కోడ్‌లో ఒక్క 'నాట్' ఎగిరిపోతే టెస్టింగులో దొరుకుతుంది. మనిషి మాటకి టెస్టింగు ఎవరు చేస్తారు? అందులోనూ మన తెలుగులో 'కాదు' వాక్యం చివర్న వస్తుంది. ఆఖరిదాకా వినే ఓపిక ఉన్నవాడికే దక్కుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే.. పోయినేడు తాతయ్య తద్దినానికి ముందు ఫోనులో నాన్నతో అన్నాను, "ఈ పిండం ఆయనకి చేరుతుందని నాకు నమ్మకం లేదు నాన్నా" అని. "కానీ నేను మానను, ఆ ఒక్కరోజైనా ఆయన్ని తలుచుకుంటూ కూర్చోవడం నాకు కావాలి" అన్నది రెండో సగం. మొదటి సగానికే నాన్న ఫోను అమ్మకిచ్చేశారు. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

నేనూ తప్పు చేశాను. మానను అన్నది ముందు చెప్పాల్సింది. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు అక్కణ్ణించే మొదలుపెడతాను.