అపెండిక్స్ ఆపరేషన్: యాంటీబయాటిక్స్ ఎన్ని రోజులు వాడాలి?

మన దగ్గర '24 గంటల కడుపునొప్పి' అని పిలిచే అపెండిసైటిస్‌కు ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు యాంటీబయాటిక్ మాత్రలు రాయలేదు. కంగారు పడాలా? అన్నిసార్లూ అక్కర్లేదు.

ఎప్పుడు ఇస్తారు?
పేగుల్లోని బ్యాక్టీరియా కోత పెట్టిన చోటికి చేరితే గాయం చీము పడుతుంది. దీన్ని అడ్డుకునే ఇంజెక్షన్‌ను కోతకు ముందే, 2 గంటల్లోపు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. అంటే అసలు రక్షణ మీరు ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడే అందుతుంది.

తర్వాత కూడా వాడాలా?
అపెండిక్స్ పగలకపోతే సాధారణంగా ఆ ఒక్క డోసు చాలు. పగిలినా, లోపల చీము చేరినా అది ఇన్ఫెక్షన్‌కు చికిత్సే. అప్పుడు సాధారణంగా 3 నుంచి 5 రోజులు ఇస్తారు.

ఎక్కువ వాడితే నష్టమేంటి?
విరేచనాలు, అలర్జీ రావచ్చు. బ్యాక్టీరియా మందులకు లొంగకుండా మొండికేస్తుంది. డాక్టర్ రాసిన కోర్సును మధ్యలో ఆపొద్దు, రాయనిది మెడికల్ షాపులో కొనొద్దు.

డిశ్చార్జి రోజు ఏం అడగాలి?
అపెండిక్స్ పగిలిందా? ఏ మందు, ఎన్ని రోజులు? ఈ వివరాలు డిశ్చార్జి కాగితంలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరి ఉంటే, మందులు బయట కొనమన్నప్పుడు ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ సిబ్బందిని కలవండి.

ఎప్పుడు మళ్లీ వెళ్లాలి?
ఆపరేషన్ తర్వాత 30 రోజుల వరకు గాయాన్ని గమనించండి. కుట్ల చుట్టూ ఎర్రబడినా, వాచినా, చీము కారినా, నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లండి. పాత మాత్రలతో సరిపెట్టుకోవద్దు.