వెండితెర అంగీ



1977లో వెలువడిన ‘స్టార్ వార్స్’ చలనచిత్రమున అలెక్ గిన్నిస్ ధరించిన గోధుమవన్నె ముసుగు అంగీవంటిదానిని మా మనుమని వేషమునకై కుట్టింపబూనితిని. ఆ చిత్రపు దుస్తులను రూపొందించిన జాన్ మోలో 1978లో ఆస్కారు బహుమానము నందెను. కాని తెరమీద కనబడునవి నీడలు, మడతలు, కత్తిరింపు కనబడదు.

శిథిలమైన తాళపత్రమునకు ప్రత్యంతరములను సరిచూచినట్లు బొమ్మలన్నియు సరిచూచి, చేతులును మొండెమును ఒకే గుడ్డయని నిర్ణయించితిని. మా ఊరి దర్జీ తలయూపలేదు. అంత వెడల్పైన చేతులకు గుడ్డ పన్నా చాలదనియు, ఎక్కడనో అతుకుండక తప్పదనియు ననెను. నేను వాదించితిని, అతడు గుడ్డ పరచి కొలిచి చూపెను. నేను మడతయని త్రోసివేసిన గీతయే అతుకు కావచ్చును! నలువది యేండ్లు పాఠము చెప్పినవానికి ఆనాడు మాట రాలేదు. నూలుతో కుట్టిన నమూనా బిగుసుకొని నిలిచెను; ఉన్నిగుడ్డ తెచ్చినపిదపగాని ఆ జారుదల రాలేదు.

మూలపుటంగీ గతి వినుడు. లండనులోని అద్దెదుస్తుల కొట్టున సామాన్యపు అంగీలలో కలిసిపోయి, 1999 నాటి ‘ది మమ్మీ’ చిత్రమున మరియొకరి మేని కెక్కెను. గుర్తింపబడిన పిమ్మట, 2007లో వేలమున 54,000 పౌండ్లు పలికెను.

మా అంగీ ముసుగు మాత్రము ఇంకను కన్నులమీదికి జారుచున్నది. దర్జీ మరల కుట్టు విప్పుచున్నాడు.