గిఫ్ట్, డొనేషన్, గ్రాంట్

చౌటుప్పల్‌లో డాక్యుమెంట్లు రాసి బతికినవాణ్ని నేను. మా దగ్గర గిఫ్ట్ డీడ్ అంటే ఎక్కువగా తండ్రి కొడుక్కో బిడ్డకో రాసిచ్చేదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం తీసుకునేది ఎవరో తెలియాలి, ఇచ్చినాయన బతికుండగానే వాళ్లు ఒప్పుకోవాలి, భూమైతే ఇద్దరు సాక్షులతో రిజిస్ట్రీ కావాలి.

పక్కనున్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న జరిగింది ఈ లెక్కలో ఇమడదు. 40 దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి సభలోనే 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఇంగ్లిష్‌లో రాసినవాళ్లు భూదానాన్ని ల్యాండ్ గిఫ్ట్ అన్నారు. నా మటుకు డొనేషన్ అనడమే నయం: ఇచ్చింది ఒక మనిషికి కాదు, ఒక పనికి.

అసలు మెలిక 1965 నాటి భూదాన, గ్రామదాన చట్టంలో ఉంది. ఆ భూమి పేదవాడికి చేరేది గ్రాంట్‌గా. గిఫ్ట్ అందుకున్న కొడుకు, షరతులేం లేకుంటే, మర్నాడే అమ్ముకోవచ్చు. గ్రాంట్ పొందినవాడు దున్నుకోవచ్చు, పిల్లలకు వదిలిపోవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు.

విజయవాడ హైవే వెంట ధరలు పెరిగినంక పాత భూదాన కాగితంతో సేల్ డీడ్ రాయమని వచ్చేవాళ్లు మొదలైండ్రు. "మా తాతకు దానమిచ్చిండ్రు గదనే, మాదే గద!" అంటరు. గిఫ్టయినా గ్రాంటయినా మన నోట్లో దానమే కాబట్టి వాళ్ల వాదన నాకు తప్పనిపించదు. కానీ భూదాన సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంటే, నేను రాసిచ్చినా రిజిస్ట్రీ కాదు.