భాగం 7: స్ప్రెడ్ స్పెక్ట్రమ్ చరిత్ర – అంతరాయ నిరోధం, సమకాలీకరణ

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
• సంకేతాన్ని విస్తరించి పంపితే అంతరాయాన్ని ఎలా తట్టుకుంటుంది
• ఈ ఆలోచన పుట్టిన తరవాత ఆచరణలోకి రావడానికి దశాబ్దాలు ఎందుకు పట్టింది
• కేంద్రం లేని అడ్‌హాక్ వలయాలలో సమకాలీకరణ ఎందుకు మరింత కష్టం

7.1 విషయ పరిచయం

మీ మొబైల్ ఫోను మీకు దారి చూపిస్తున్నదంటే, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు దానికి అందుతున్నాయన్నమాట. నేలకు చేరేసరికి ఆ సంకేతాలు గ్రాహకంలో సహజంగా ఉండే రొదకంటే ఎంతో బలహీనపడతాయి. పైగా ఆ ఉపగ్రహాలన్నీ ఒకే పౌనఃపున్యంపై, ఒకే సమయంలో ప్రసారం చేస్తాయి. అయినా మీ ఫోను ఒక్కొక్కదాన్ని విడిగా గుర్తుపడుతుంది. ఇది ఎలా సాధ్యమైంది?

దీనికి సాధారణంగా చెప్పే సమాధానం "స్ప్రెడ్ స్పెక్ట్రమ్". అంటే సందేశానికి అవసరమైనదానికంటే ఎన్నో రెట్లు వెడల్పయిన పౌనఃపున్య పట్టీలో సంకేతాన్ని పరచి పంపడం. ఈ సమాధానం సరైనదే గాని, సగమే. పరచినదాన్ని తిరిగి పోగుచేయాలంటే ప్రసారిణి, గ్రాహకం రెండూ ఒకే రహస్య క్రమాన్ని ఒకే క్షణానికి కలిసి నడపాలి. దీన్నే సమకాలీకరణ అంటాం. ఇద్దరి దగ్గరా ఒకే పంచాంగం ఉన్నా, గడియారాలు తేడాగా ఉంటే ముహూర్తం కలవదు. స్ప్రెడ్ స్పెక్ట్రమ్ చరిత్ర నిజానికి పంచాంగం చరిత్ర కంటే ఎక్కువగా గడియారం చరిత్ర అని ఈ భాగంలో మీరు గమనిస్తారు.

7.2 రెండు పద్ధతులు

చరిత్రలోకి వెళ్ళేముందు రెండు పద్ధతులను గుర్తుంచుకోండి.

మొదటిది పౌనఃపున్య గెంతు పద్ధతి. ఇందులో సంకేతం ఒక పౌనఃపున్యం నుంచి మరొకదానికి ముందే నిర్ణయించుకున్న వరుసలో గెంతుతూ పోతుంది. శత్రువు ఒక పౌనఃపున్యాన్ని అడ్డగించినా సందేశంలో చిన్న ముక్క మాత్రమే పోతుంది.

రెండోది ప్రత్యక్ష క్రమ పద్ధతి. ఇందులో సందేశంలోని ప్రతి బిట్‌ను "చిప్పులు" అనే అనేక చిన్న ముక్కల కోడ్‌తో గుణించి పంపుతారు. గ్రాహకం అదే కోడ్‌తో మళ్ళీ గుణిస్తుంది. అప్పుడు అసలు సంకేతం తిరిగి ఇరుకు పట్టీలోకి పోగవుతుంది. దారిలో కలిసిన అంతరాయం మాత్రం అదే గుణకారం వల్ల వెడల్పుగా చెదిరి పలచబడుతుంది. ఒక బిట్‌కు చిప్పులు ఎన్ని ఎక్కువైతే ఈ లాభం అంత పెరుగుతుంది.

అయితే రెండింటికీ షరతు ఒక్కటే. గ్రాహకం కోడ్ ఒక్క చిప్పు కాలం పక్కకు జరిగినా సంకేతం పోగుకాదు. అదీ రొదలాగే మిగిలిపోతుంది. శత్రువు నుంచి రక్షించే గుణమే, గడియారం తప్పితే మిత్రుణ్ణి కూడా బయటే ఉంచుతుంది.

7.3 తొలి ఆలోచనలు: 1903–1942

ఒకే సందేశానికి ఒకటికంటే ఎక్కువ పౌనఃపున్యాలు వాడితే ఇతరుల జోక్యం తగ్గుతుందన్న ఆలోచన నికోలా టెస్లా 1903లో పొందిన పేటెంట్లలోనే కనిపిస్తుంది. డచ్ ఆవిష్కర్త విలెమ్ బ్రూర్ట్‌యెస్ పౌనఃపున్యాలను మారుస్తూ రహస్యంగా ప్రసారం చేసే పద్ధతికి 1932లో అమెరికా పేటెంటు పొందాడు.

అందరికీ తెలిసిన ఘట్టం మాత్రం 1942 ఆగస్టు 11 నాటిది. వియన్నాలో పుట్టి హాలీవుడ్‌లో స్థిరపడిన నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి "రహస్య సమాచార వ్యవస్థ" పేరిట అమెరికా పేటెంటు పొందారు. ఓడ నుంచి రేడియో ద్వారా టార్పెడోను నడిపేటప్పుడు శత్రువు ఆ సంకేతాన్ని అడ్డగించకుండా చేయడం దాని ఉద్దేశం. యాంత్రిక పియానోలను నడిపే రంధ్రాల కాగితపు చుట్టల వంటివి ఓడలో ఒకటి, టార్పెడోలో ఒకటి ఉంటాయి. రెండూ ఒకే వేగంతో తిరుగుతూ పౌనఃపున్యాలను ఒకే వరుసలో మారుస్తాయి. పియానో మెట్ల సంఖ్యకు సరిపోయేలా 88 వరుసల చుట్టను వారు ప్రస్తావించారు.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. ఆంథైల్ 1920లలో "బాలే మెకానిక్" అనే తన రచన కోసం 16 యాంత్రిక పియానోలను ఒకే లయలో నడపాలనుకున్నాడు. నాటి సాంకేతికతతో అది కుదరలేదు. ఒకే గదిలోని యంత్రాలనే కలిపి నడపలేని రోజుల నుంచి వచ్చినవాడు, సముద్రంలో పరుగెత్తే ఆయుధాన్నీ ఓడనూ కలిపి నడపాలని ప్రతిపాదించాడు. అమెరికా నౌకాదళం ఆ పథకాన్ని అమలు చేయలేదు.

లామార్‌ను "వైఫై తల్లి"గా వర్ణించే రాతలు మీరు చదివి ఉండవచ్చు. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ రెండు పొరపాట్లకు దూరంగా ఉండాలి. నటి కాబట్టి ఆమె ఆలోచనను తేలిగ్గా తీసుకోవడం మొదటి పొరపాటు. పేటెంటు స్పష్టంగా ఉంది, 1997లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆమెనూ ఆంథైల్‌నూ గౌరవించింది. తరవాతి వ్యవస్థలన్నీ ఆ ఒక్క కాగితం నుంచే పుట్టాయనడం రెండో పొరపాటు. ఆలోచన అంతకుముందూ ఉంది. ఆచరణ వేరే దారుల్లో వచ్చింది. ఆ దారులను చూద్దాం.

7.4 గడియారాన్ని పట్టుకున్న దశాబ్దాలు: 1943–1967

1943 జులై 15న వాషింగ్టన్, లండన్ నగరాల మధ్య "సిగ్సాలీ" అనే రహస్య టెలిఫోను వ్యవస్థ మొదలైంది. బెల్ ప్రయోగశాలలు నిర్మించిన ఈ యంత్రం బరువు సుమారు 50 టన్నులు. ఇది స్ప్రెడ్ స్పెక్ట్రమ్ వ్యవస్థ కాదు. కాని దాని అసలు సమస్య మన సమస్యే. మాటను కప్పే యాదృచ్ఛిక రొదను గ్రామఫోను రికార్డులపై జంటగా ముద్రించి, అట్లాంటిక్‌కు ఇరువైపులా ఒకటి చొప్పున ఉంచేవారు. ఒక్కో రికార్డు సుమారు 12 నిమిషాలు నడిచేది. రెండు ఖండాలలోని రికార్డులు ఒకే క్షణంలో మొదలై ఒకే వేగంతో తిరగాలి. అందుకోసం స్ఫటిక డోలకాలతో నడిచే గడియారాలు వాడారు. వేలాది కిలోమీటర్ల దూరంలో రెండు యంత్రాలు కలిసి నడవగలవని దీనితో రుజువైంది.

1940ల చివర మోర్టిమర్ రోగోఫ్ అనే ఇంజనీరు ఇంకా సులువైన మార్గం వెతికాడు. మన్‌హాటన్ టెలిఫోను డైరెక్టరీ నుంచి 1440 సంఖ్యలు ఏరి, వాటిలోని అంకెలను గుండ్రని ఫిల్ముపై డిగ్రీకి నాలుగు చొప్పున గుర్తించాడు. ఆ చక్రం కాంతి ముందు నిమిషానికి 900 సార్లు తిరుగుతుంటే రొదలాంటి సంకేతం వచ్చేది. అలాంటిదే మరో చక్రం గ్రాహకం వద్ద తిరిగేది.

ఈ లోగా క్లాడ్ షానన్ 1948, 1949 సంవత్సరాలలో ప్రచురించిన పరిశోధన పత్రాలు సిద్ధాంతానికి బలమిచ్చాయి. పట్టీ వెడల్పు పెంచితే, సంకేతం రొదకంటే బలహీనంగా ఉన్నా సందేశం పంపవచ్చని, రొదను పోలిన సంకేతం సమర్థమైనదని వాటి వల్ల తెలిసింది.

1950ల ఆరంభంలో ఎంఐటీ పరిశోధకుల ముందు రెండు దారులు నిలిచాయి. రొద నమూనాను సందేశంతో పాటు మరో మార్గంలో పంపితే సమకాలీకరణ చాలా తేలికవుతుంది. కాని శత్రువు కూడా దాన్ని వింటాడు. నమూనాను రెండు చివర్లా ముందే దాచుకుంటే భద్రత ఉంటుంది. కాని గడియారాలు కలవాలి. చివరకు రెండో దారి గెలిచింది. కష్టమైనదాన్నే ఎందుకు ఎంచుకున్నారో మీరు ఆలోచించండి: అడ్డగింపును తట్టుకోవడమే లక్ష్యమైనప్పుడు తాళంచెవిని గుమ్మంలో వేలాడదీయలేం.

చక్రాలకూ రికార్డులకూ బదులు షిఫ్ట్ రిజిస్టరు అనే ఎలక్ట్రానిక్ వలయం వచ్చింది. 10 దశల రిజిస్టరును సరిగా కలిపితే 1023 చిప్పుల వరకు పునరావృతం కాని క్రమం వస్తుంది. అది చూడటానికి యాదృచ్ఛికం, నిజానికి నియమబద్ధం. ఈ క్రమాల గణితాన్ని సోలమన్ గోలంబ్ 1967లో గ్రంథంగా ప్రచురించాడు. అదే ఏడాది రాబర్ట్ గోల్డ్, ఒకదానితో మరొకటి పొరపడని కోడ్‌ల కుటుంబాలను తయారుచేసే పద్ధతి చూపాడు.

సమకాలీకరణ కూడా రెండు పనులుగా విడిపోయింది: పట్టుకోవడం, పట్టు నిలుపుకోవడం. గ్రాహకం తన కోడ్‌ను కొంచెం కొంచెం జరుపుతూ, సంకేతం పోగయ్యే స్థానం దొరికేదాకా వెతకడం మొదటి పని. దొరికినదాన్ని జారిపోకుండా చూడటం రెండో పని. ఇందుకు స్పిల్కర్, మాగిల్ అనే ఇంజనీర్లు 1961లో ఒక వలయాన్ని వివరించారు. అది వచ్చే సంకేతాన్ని కాస్త ముందున్న కోడ్‌తోనూ, కాస్త వెనకున్న కోడ్‌తోనూ పోల్చుతుంది. రెండు ఫలితాలూ సమానమైతే మధ్యలో ఉన్నట్టే. ఒకటి పెరిగితే అటువైపు సర్దుకుంటుంది. 1978లో తొలి ఉపగ్రహం ఎగిరిన జీపీఎస్‌కు ఇవన్నీ పునాదులే.

అభ్యాసం: నమూనాను సందేశంతో పాటు పంపే పద్ధతిలోని ఒక లాభాన్నీ ఒక నష్టాన్నీ రెండు వాక్యాలలో రాయండి.

7.5 పెద్ద దిక్కు లేని వలయాలు

ఇంతవరకు చూసిన వ్యవస్థలలో గడియారం ఎవరిదో ముందే తెలుసు. జీపీఎస్‌లో ఉపగ్రహాలది. 1990ల సీడీఎంఏ మొబైల్ వ్యవస్థలో స్థావర కేంద్రాలు జీపీఎస్ సమయాన్నే పాటించేవి. 2000ల తొలినాళ్ళలో మన ప్రాంతంలో అమ్ముడైన సీడీఎంఏ ఫోన్లు ఆ కేంద్రాల సమయానికి సర్దుకునేవి. మరి స్థావరమే లేకపోతే? కదిలే యంత్రాలు ఎక్కడికక్కడ కలిసి ఒకదాని సందేశాన్ని మరొకటి అందిస్తూ ఏర్పరచుకునే వలయాన్ని అడ్‌హాక్ వలయం అంటారు.

ఈ దిశలో తొలి పెద్ద ప్రయత్నం అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 1973లో ప్రారంభించిన ప్యాకెట్ రేడియో వలయం. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలలో పరీక్షించిన ఈ రేడియోలు ప్రత్యక్ష క్రమ పద్ధతిని వాడాయి. సెకనుకు లక్ష బిట్ల వేగంలో ఒక్కో బిట్‌కు 128 చిప్పులు ఉండేవి. ప్రతి ప్యాకెట్ ముందు ఒక పీఠిక వచ్చేది. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో తెలియదు గనుక, ఆ కొద్దిపాటి పీఠికలోనే గ్రాహకం సమయాన్ని పట్టుకోవాలి. అందరూ ఒకే కోడ్ వాడినా, మొదట పట్టుబడ్డ ప్యాకెట్ నిలిచేది. కొన్ని చిప్పులు ఆలస్యంగా వచ్చినది రొదగా మిగిలేది. అంటే ఇక్కడ సమయమే అంతరాయ నిరోధానికి సాధనమైంది. 1977 నవంబరు 22న ఈ వలయంలోని ఒక వ్యాను నుంచి బయలుదేరిన ప్యాకెట్లు మూడు వేర్వేరు వలయాలను దాటి గమ్యం చేరాయి. నేటి ఇంటర్నెట్ చరిత్రలో అది ముఖ్యమైన రోజు.

1985లో అమెరికా సమాచార నియంత్రణ కమిషను కొన్ని పట్టీలలో లైసెన్సు లేకుండా స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పరికరాలను అనుమతించింది. మైక్రోవేవ్ పొయ్యిల వంటి యంత్రాల రొద నిండిన పట్టీలవి. అంతరాయాన్ని తట్టుకునే పద్ధతి కాబట్టే అక్కడ చోటు దొరికింది. 1997లో వెలువడిన తొలి వైఫై ప్రమాణం ప్రత్యక్ష క్రమానికి 11 చిప్పుల కోడ్‌ను వాడింది. గెంతు పద్ధతినీ అనుమతించింది. సెకనుకు 1600 సార్లు గెంతే బ్లూటూత్‌లో ప్రతి చిన్న గుంపుకూ ఒక నాయక యంత్రం ఉండి, తక్కినవి దాని గడియారాన్నే పాటించాయి.

వైఫైలోని అడ్‌హాక్ పద్ధతికి మాత్రం నాయకుడు లేడు. ప్రతి యంత్రమూ వంతుకోసం ప్రయత్నిస్తూ తన సమయాన్ని చాటుతుంది. విన్నవారి గడియారం వెనకబడి ఉంటే ముందుకు జరుపుకుంటారు. ఎవరూ వెనక్కి జరుపుకోరు. నియమం సరళమే. యంత్రాలు పది ఉన్నప్పుడు పనిచేస్తుంది. సంఖ్య బాగా పెరిగితే చాటింపులు ఢీకొంటాయి. అన్నిటికంటే వేగంగా నడిచే గడియారానికి మాట్లాడే వంతే అరుదవుతుంది. అది ముందుకు సాగిపోతుంది, గుంపు వెనకబడుతుంది. ఒకరి ఆధిపత్యం లేకుండా అందరూ ఒక సమయానికి రావడం ఎంత కష్టమో ఈ చిన్న లోపం చెబుతుంది.

7.6 శ్రీహరికోట నేర్పిన పాఠం

మన దేశపు నావిక్ వ్యవస్థ కూడా ప్రత్యక్ష క్రమ పద్ధతిదే. దీని తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ, 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. దానిలో మూడు రుబీడియం పరమాణు గడియారాలు ఉన్నాయి. 2017 జనవరి నాటికి మూడూ విఫలమయ్యాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉంది, సందేశాలు పంపగలదు. కాని స్థానాన్ని లెక్కించడానికి పనికిరాకుండా పోయింది. దాని స్థానంలో పంపిన 1హెచ్, 2017 ఆగస్టు 31న రాకెట్ ఉష్ణకవచం విడిపోకపోవడంతో దక్కలేదు. 2018 ఏప్రిల్ 12న పంపిన 1ఐ కక్ష్య చేరింది. 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో దేశీయంగా తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చారు.

కోడ్ చెడలేదు, ప్రసారిణి చెడలేదు, గడియారం చెడింది. ఈ భాగం సారమంతా ఆ ఒక్క ఉపగ్రహంలో ఉంది.

7.7 సారాంశం

సంకేతాన్ని విస్తరించాలన్న ఆలోచన 20వ శతాబ్ది ఆరంభం నుంచీ ఉంది. కాగితపు చుట్ట, గ్రామఫోను రికార్డు, ఫిల్ము చక్రం, షిఫ్ట్ రిజిస్టరు – సాధనాలు మారాయి. రెండు చోట్ల ఒకే క్షణాన్ని నిలపడమన్న సమస్య మారలేదు. అది ఎంతవరకు పరిష్కారమైతే అంతవరకే అంతరాయ నిరోధం ఆచరణలోకి వచ్చింది. మీరు ఏ ఆవిష్కరణ చరిత్ర చదివినా, "దీన్ని మొదట ఎవరు ఊహించారు?" అన్న ప్రశ్నతో ఆగకండి. "ఇది పనిచేయడానికి ఇంకా ఏం కావలసివచ్చింది?" అని కూడా అడగండి.

7.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. లామార్, ఆంథైల్ పేటెంటు ప్రాముఖ్యాన్నీ పరిమితులనూ చర్చించండి.
2. సమకాలీకరణలో పట్టుకోవడం, పట్టు నిలుపుకోవడం అనే దశలను వివరించండి.
3. అడ్‌హాక్ వలయాలలో యంత్రాల సంఖ్య పెరిగితే సమకాలీకరణ ఎందుకు దెబ్బతింటుంది?