బొనేర్‌లో స్కూబా డైవింగ్: వెళ్ళే ముందు కొన్ని సంగతులు

కేంకూన్, బహామాస్ మనవాళ్ళకి బాగానే తెలుసు కానీ బొనేర్ పేరు విన్నవాళ్ళు తక్కువ. కరీబియన్ సముద్రంలో, వెనిజులాకి ఉత్తరాన ఉన్న చిన్న డచ్ ద్వీపం ఇది. 2011 నుంచి అక్కడ అమెరికన్ డాలరే చలామణీ. ఎక్కడికి వెళ్దామని అడిగిన మిత్రులకి నేను చెప్పేది ఈ పేరే. ఎందుకంటే ఇక్కడ చాలా చోట్ల పడవతో పని లేదు. రోడ్డు పక్కన పసుపు రాయి మీద చోటు పేరు రాసి ఉంటుంది. అక్కడ కారు ఆపి, సిలిండరు వీపున తగిలించుకుని నీళ్ళలోకి నడవడమే. ఒడ్డుకి కాస్త దూరంలోనే పగడపు దిబ్బ మొదలవుతుంది.

"మరి ఈత?" అంటారు. పాడీ వారి ఓపెన్ వాటర్ కోర్సుకి ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీళ్ళలో తేలాలి. వేగం చూడరు. చిన్నప్పుడు ఊరి బావిలో నేర్చుకున్న ఈతయినా చాలు. కోర్సు పూర్తయితే 18 మీటర్ల లోతు దాకా వెళ్ళొచ్చు.

అసలు జాగ్రత్త పైకి వచ్చేటప్పుడు కావాలి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక అట్మాస్ఫియర్ చొప్పున పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో గుండెల నిండా పీల్చిన గాలి, పైకొచ్చేసరికి రెట్టింపు జాగా అడుగుతుంది. ఊపిరి బిగబట్టి వస్తే ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. రెండోది నత్రజని. లోతులో అది రక్తంలోకీ కండరాల్లోకీ కరుగుతుంది. గబగబా పైకొస్తే గోలీసోడా కొట్టినట్టే, లోపల బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. అందుకే నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకొస్తూ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగుతారు.

లాంగ్ వీకెండ్‌లో వెళ్ళే మనబోటివాళ్ళు మరిచిపోయేది విమానం. కేబిన్‌లో గాలి పీడనం నేల మీద కంటే తక్కువ. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు విమానం ఎక్కవద్దని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సలహా. సోమవారం మీటింగ్ ఉందని ఆదివారం మధ్యాహ్నం డైవ్ చేసి రాత్రి ఫ్లైట్ పట్టుకునే ప్లాన్ వద్దు. నేనైతే చివరి రోజుని ఉప్పుమడులూ ఫ్లెమింగోలూ చూడటానికి అట్టేపెడతాను. అవీ చూడదగ్గవే!

ద్వీపం చుట్టూ సముద్రం 1979 నుంచి రక్షిత పార్కు. ఫీజు కట్టాలి, మొదట ఒక పరిచయ డైవ్ చెయ్యాలి. పగడాన్ని ముట్టుకోకూడదు, చేతులకి గ్లవ్స్ కూడా నిషేధం. చేతికి తొడుగు ఉంటే దేన్నయినా పట్టుకోబుద్ధవుతుంది కదా! రాతి పగడాలని చంపే జబ్బు ఒకటి 2023లో ఇక్కడికీ చేరింది. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ కూడా 2021 నుంచి నిషేధం. ఫుల్ హ్యాండ్స్ ఈత చొక్కా ఒకటి కొనుక్కుని వెళ్ళండి.